కిటికీ బయట పదోవాడు

3 జూలై 2024, బుధవారం

ఆఫీసులో ఇంకా బీరువా తాళం కూడా తియ్యలేదు, సమీరా వచ్చి నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. వెనక తలుపు దగ్గర ఓ గుంపు.

"సార్, జర ఇన్‌వర్డ్‌ల నంబరేసి ఇయ్యండి."

చదివాను. మా కాలేజీ ట్రస్టు తన మూలధనంలో కొంత హైదరాబాదులోని ఒక కంపెనీ వాటాల్లో పెట్టిందట. ఆ కంపెనీ డ్రోన్ల విడిభాగాలు చేస్తుందట. అవి ఇజ్రాయెల్‌కు పోయి గాజా మీద ఎగురుతాయట. కాబట్టి ట్రస్టు ఆ వాటాలు అమ్ముకుని బయటికి రావాలి. అమెరికా కాలేజీల్లో పిల్లలు గుడారాలేసుకుని కూర్చోవడం వీళ్ళు ఫోన్లలో చూశారు. ఇప్పుడు నందికొండ వంతు.

నంబరేశాను. సీనియర్ అసిస్టెంటుగా నా పని అంతే. మిగతాదానితో నాకు సంబంధం లేదు.

పోతూ పోతూ ఆ పిల్ల "మీరేమనుకోకండి సార్" అంది. ఏమనుకుంటాను? పక్కింటి హనీఫా ఆపా మనవరాలు. మా గడప మీద కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. మేమెవరమో దానికి తెలుసు కాబట్టే ఆ మాట అంది. ఊళ్ళో మిగతావాళ్ళకు మేం 'శనివారపోళ్ళం', అంతే. యూదులం అని చెప్తే "అంటే కిరస్తానపోళ్ళేనా" అంటారు. కాదు కాదు అని చెప్పీ చెప్పీ నాకు యాభై రెండేళ్ళొచ్చాయి.

సాయంత్రం నుంచి ఇంట్లో నిలువలేకపోతున్నాను. మా ఆవిడ శారా రెండుసార్లు అడిగింది, ఏమైందని. ఏం కాలేదన్నాను. ఏం కాలేదు కూడా.

5 జూలై, శుక్రవారం

సూర్యుడు దిగకముందే రెండు ముక్కలు రాసి కలం మూసెయ్యాలి. శుక్రవారం పొద్దు గుంకితే శబ్బాతు, మా శనివారపు విశ్రాంతి దినం; అది మొదలైతే రాయకూడదు.

మా ఇంటి ప్రార్థన గది ఊడ్చి చాపలు వేశాను. మగవాళ్ళం సరిగ్గా పది మందిమి ఉన్నాం. ఒక్కరు తగ్గినా కద్దీషు, పోయినవాళ్ళ కోసం చెప్పే ప్రార్థన, చెప్పుకునే వీల్లేదు. నాయిన పోయిన దగ్గరనుంచీ ఆ పదిమందినీ పట్టుకొచ్చి కూర్చోబెట్టేది నేనే. ఒకడికి దగ్గు, ఒకడికి డ్యూటీ, నెహెమ్యా చిన్నాయనకు మోకాళ్ళ నొప్పి. నా తమ్ముడు ఎలీషా మటుకు ఎప్పుడూ ముందే వస్తాడు. మా కాలేజీలోనే ఎకనామిక్స్ చెప్పి, సరాసరి ఇక్కడికి.

11 జూలై, గురువారం

పేపర్లో ఫోటో. జిల్లా పేజీలో, పైన.

సమీరా మైకు పట్టుకుని ఉంది. పక్కన మా ఎలీషా. కింద రాసింది: 'వాటాలు అమ్మాల్సిందేనంటున్న విద్యార్థులు. నల్గొండ యూదుల మద్దతు.'

నల్గొండ యూదులు! నాతో కలిపి. ఊతం లేకుండా లేవలేని నెహెమ్యా చిన్నాయనతో కలిపి.

పొద్దున టీ కొట్టు దగ్గర మల్లేష్ పేపరు చూపిస్తూ "మీవోడు హీరో అయిండుగా సాదోకన్నా" అన్నాడు. నవ్వాను. టీ సగంలోనే వదిలేసి వచ్చేశాను.

14 జూలై, ఆదివారం

శుక్రవారం జరిగింది రాస్తాను. ఉన్నది ఉన్నట్టు.

అందరూ వచ్చారు. ఎలీషా కూడా వచ్చి తన చోట కూర్చున్నాడు, ఏమీ జరగనట్టు. ప్రార్థన నడిచింది. చివర్న కద్దీషుకు ముందు నేను ఇజ్రాయెల్ సైనికుల కోసం ప్రార్థన తీశాను. పోయిన అక్టోబరు నుంచి చదువుతున్నాను. ఎందుకు చదువుతున్నానో ఆ గదిలో అందరికీ తెలుసు. అవ్నెర్ కోసం.

అవ్నెర్ ఆ దేశం నుంచి వచ్చి ఈ ఇంట్లో ఉన్నాడు, రెండు వానాకాలాలు. మాకు పాటలు నేర్పాడు. జొన్నరొట్టె, గోంగూర తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఇంకోటి వెయ్యమనేవాడు. మేం నిజంగా యూదులమేనా అని ఒక్కసారి కూడా అడగని మనిషి, నా జన్మలో వాడొక్కడే. అక్టోబరు ఏడున పొద్దున్నే గాజా నుంచి చొరబడ్డవాళ్ళు వాడి ఇంట్లోకి వచ్చి చంపారు. అప్పటికి నాయిన పోయి రెండు నెలలు. ఒక దుఃఖం ఆరకముందే ఇంకోటి.

పుస్తకం తెరిచానో లేదో ఎలీషా లేచాడు.

"అన్నా, గిదొక్కటి ఇడిసిపెట్టు. కద్దీషు చెప్పుకుందాం."

"ఎందుకు ఇడుస్త? అవ్నెర్‌ని మర్సిపోయినవా?"

"అవ్నెర్ కోసం నేను రోజూ ఏడుస్తున్న. గాజాల సచ్చిన పోరగాళ్ళ కోసం గూడ ఏడుస్తున్న. సైన్యం కోసం మాత్రం నా నోరు లేస్తలేదు."

"నీ నోరు మైకు ముంగట మంచిగనే లేసింది కదా."

ఆ తర్వాత వాడు చాలా మాట్లాడాడు. మన పేరు చెప్పి ఎవడో ఎవడినో చంపితే మనమే ముందు వద్దనాలి అన్నాడు. నేనూ మాట్లాడాను. మనం ఎవరమో ప్రపంచం ఒప్పుకునే జాగా భూమ్మీద అదొక్కటే ఉంది, అక్కడికి పోయి స్థిరపడతామని పెట్టుకున్న మన కాగితాలు పదేళ్ళుగా నానుతున్నాయి, నీ ఫోటో చూస్తే వాటిని చెత్తబుట్టలో వేస్తారు అన్నాను. వాడు "కాగితాల కోసం ప్రార్థన చేస్తున్నమా అన్నా?" అన్నాడు.

వాడు గదిలోంచి వెళ్ళిపోయాడు. తొమ్మిది మందిమి మిగిలాం. కద్దీషు లేదు.

వెళ్ళిపోయింది వాడు.

15 జూలై, సోమవారం

స్టాఫ్ రూము ముందునుంచి పోవాల్సిన పని ఉండి కూడా మెట్ల వెనక నుంచి తిరిగి పోయాను. ఎండ ఎక్కువగా ఉందని.

19 జూలై, శుక్రవారం

మధ్యాహ్నం. ఇవాళ కూడా వాడు రాడని తెలుస్తూనే ఉంది.

శారాతో అన్నాను, "వాడే పోయిండు, వాడే రావాలె" అని. చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అంది: "ఇష్టం లేనోడు గడప దాటొచ్చు అన్నదెవరు మరి? లోపల్నుంచి నాకు ఇనబడ్డది."

అలా అన్నానా? అని ఉంటాను. కోపంలో ఎవరైనా అంటారు.

నాయిన చెప్పే సంగతి ఒకటి ఊరికే గుర్తొస్తోంది. డ్యామ్ కట్టేటప్పుడు మా తాత మాచర్ల వైపు నుంచి రాళ్ళు కొట్టడానికి వచ్చాడు. కూలీల గుడిసెల్లో మావాళ్ళు పది మందే. ఒక పండుగ రోజు పదోవాడికి తట్టు పోసింది. లోపలికి రానిస్తే అందరికీ అంటుకుంటుంది. తాత వాణ్ణి గుడిసె బయట కిటికీ దగ్గర నిలబెట్టాడట. "గోడ అవతల ఉన్నా సరే, కిటికీలకెళ్ళి ముఖం కనబడితే వాడు పదోవాడే" అనేవాడు నాయిన. అది తాత కల్పించింది కాదని, అసలు ధర్మంలోనే ఉందని తర్వాత అవ్నెర్ చెప్తే నాయిన ఎంత పొంగిపోయాడో! వారం రోజులు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

ఎందుకు గుర్తొచ్చిందో. ఎండ దిగుతోంది.

22 జూలై, సోమవారం

ట్రస్టు సెక్రటరీ దివాకర్ సారు గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన నన్ను కూర్చోమనడం ఇదే మొదలు.

"సాదోకు, మీవాళ్ళకు ఈ గొడవ వల్ల బాధగా ఉంటుంది కదా?"

"ఉంటది సార్."

"ఆ మాటే కాగితం మీద పెట్టి ఇయ్యి. నల్గొండ యూదులమైన మేము ఈ డిమాండును మా జాతి మీద ద్వేషంగా చూస్తున్నాం అని. మీ తమ్ముడి మాటకు మీ మాట జవాబు. ఇంక పిల్లలు నోరు మూసుకుంటరు."

ఆలోచించి చెప్తానన్నాను.

ఆయనకు మా బాధ పట్టిందని నేను సంబరపడాలి. పడుతున్నాను కూడా. కానీ నాయిన పోయినప్పుడు ఆయన సెలవు ఒక్క రోజే ఇచ్చాడు, మీకు పదో రోజు కర్మకాండ ఉండదు కదా అని.

24 జూలై, బుధవారం

సంతకం పెట్టాను. కరెక్టే చేశాను.

25 జూలై, గురువారం

నా కాగితం నోటీసు బోర్డు మీదకెక్కింది. పెద్దక్షరాలు చేయించి మరీ పెట్టారు. మధ్యాహ్నం దాని ముందు పిల్లలు మూగారు. నేను టిఫిన్ డబ్బా కడుక్కుని వస్తుంటే దారి ఇచ్చారు. ఆ దారి ఇవ్వడంలో మర్యాద లేదు.

సమీరా ఎదురొచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"సార్, నేను మిమ్ముల్ని ద్వేషిస్తున్ననా?"

"నిన్ను కాదమ్మా అన్నది..."

"గా కాగితం మా గురించే గద సార్. నేను శారా అత్త చేతి అన్నం తిని పెరిగిన. కంపెనీ వాటా అమ్మమంటే మిమ్ముల్ని ద్వేషించినట్టా?"

జవాబు ఉంది నా దగ్గర. మీ నినాదాల్లో కొన్ని వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఆ రోజు చచ్చినవాళ్ళ ఊసే మీ కాగితంలో లేదు, అవ్నెర్ ఈ వీధిలోనే తిరిగాడు, నీకు గాలిపటం కట్టిచ్చాడు అని. ఇదంతా చెప్పాలి. ఈలోగా బెల్లు కొట్టారు, డబ్బా పట్టుకుని ఆఫీసులోకి నడిచాను.

27 జూలై, శనివారం

ఇవాళ రాయకూడదు. రాస్తున్నాను.

హనీఫా ఆపా ఎప్పటి నుంచో మా ఇంట్లో శనివారం దీపం. శబ్బాతు మొదలయ్యాక మేం స్విచ్చి ముట్టం, వెయ్యమని ఇంకొకర్ని నోరు తెరిచి అడగనూ కూడదు. అందుకని "ఇల్లు చీకటిగుంది ఆపా" అంటాం. ఆమె నవ్వుతుంది. "చీకటుందంటవు గని లైటెయ్యి అనవు. మీ దేవుడు మస్తు షరతులు వెట్టిండు తమ్మీ" అంటూ వేసి పోతుంది. నీళ్ళ మోటారు కూడా అంతే: "ట్యాంకు ఎండిపోయినట్టుంది ఆపా." ముప్ఫై ఏళ్ళుగా మా రెండిళ్ళ మధ్య ఈ వేళాకోళం.

నిన్న సాయంత్రం వస్తుందో రాదో అని గడప దగ్గరే తచ్చాడాను. వచ్చింది. గుమ్మంలో నిలబడింది.

"ఇల్లు చీకటిగుంది ఆపా."

"ఉంటే నేనేం జెయ్యాలె?"

నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.

"నా మన్మరాలికి ద్వేషం ఉన్నదని బోర్డు మీద రాసినవంట. ద్వేషమున్నోళ్ళు ఎందుకు లైటేస్తరు? ఏసేది నేనే, దాన్ని పెంచింది నేనే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా పొడుగు పిలగాడు అవ్నెర్ సచ్చిన నాడు మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదు. నీకు తెల్వదా?"

తెలుసు. ఆమె లైటు వెయ్యకుండానే వెళ్ళిపోయింది. మేం చీకట్లో కూర్చుని చల్లన్నం తిన్నాం. ఇప్పుడు మధ్యాహ్నం, కిటికీ వెలుతురులో రాస్తున్నాను. ప్రార్థన గది కిటికీ కాదు, వంటింటిది. ఆ గది కిటికీకి మొన్న మే నెలలో కూలర్ బిగించాను. అటునుంచి గాలీ రాదు, వెలుతురూ రాదు.

28 జూలై, ఆదివారం

నిన్న రాసిన పేజీ చించెయ్యాలనుకున్నాను. శబ్బాతు రాసినదాన్ని ఆదివారం చించితే తప్పు పోతుందా? ఉంచాను.

5 ఆగస్టు, సోమవారం

డ్యామ్ గేట్లు ఎత్తారు. ఊరు ఊరంతా జనం. హైదరాబాదు కార్లు మా గల్లీలో కూడా పెట్టారు.

నాయిన ఏడాది మా లెక్క ప్రకారం ఈ నెల ఇరవై మూడు సాయంత్రం మొదలవుతుంది. శుక్రవారం. ఆ రోజు కొడుకు కద్దీషు చెప్పాలి. తండ్రి కోసం కొడుకు చెయ్యగలిగింది ఏడాదికి ఆ ఒక్కటే. తొమ్మిది మంది ముందు చెప్పకూడదు, చెప్పినా చెప్పినట్టు కాదు.

మాచర్లలో బెన్యామీను ఉన్నాడు, పెద్దనాయిన కొడుకు. ముందు రోజు వచ్చి ఇక్కడే ఉంటే పది అవుతాం. ఫోన్ చేశాను. "అట్టాగే అన్నయ్యా, వస్తాలే" అన్నాడు. హమ్మయ్య.

ఇంక వాడితో పని లేదు.

6 ఆగస్టు, మంగళవారం

వాడు అటెండెన్సు కాగితాలు ఇవ్వడానికి ఆఫీసుకొచ్చాడు. నా బల్ల మీద పెట్టాడు. చేతి వేళ్ళు అచ్చం నాయినవి. ఇద్దరం కాగితాలనే చూశాం.

13 ఆగస్టు, మంగళవారం

ఉపవాసం. యెరూషలేములో గుడి కూలిన దినం. శత్రువుల వల్ల కాదు, మనలో మనకు పడకనే కూలింది అనేవాడు నాయిన, ప్రతి ఏడూ. నెహెమ్యా చిన్నాయన ఇవాళ అదే మాట నా ముఖం చూస్తూ అన్నాడు. ఆకలికి తల తిరిగింది.

18 ఆగస్టు, ఆదివారం

బెన్యామీను ఫోన్ చేశాడు. ఏదో గొణుగుతున్నాడు. సరిగ్గా చెప్పరా అన్నాను.

"ఏమనుకోవద్దన్నయ్యా. నీ తమ్ముడి ఫోటో మా వాళ్ళంతా చూశారు. మీ ఇంటికొస్తే మా మీదా అదే మచ్చ పడుతుందని పెద్దవాళ్ళు వద్దంటున్నారు. మా కాగితాలు కూడా అక్కడే ఉన్నాయిగా."

"నేను వానికి ఎదురే రాసిన కదరా! నా కాగితం చూడలేదా?"

"చూశాం. ఇద్దరూ ఒకే ఇంటోళ్ళేగా అంటున్నారు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నది ఘాటు మెట్ల మీద కూర్చున్నాను. నవ్వు వచ్చింది ముందు. వాణ్ణి గదిలోంచి పంపించాను మా పేరు చెడకూడదని. మాచర్లవాళ్ళు నా గదిలోకి రారట, వాళ్ళ పేరు చెడకూడదని. ఎవరికి వాళ్ళం శుభ్రంగా ఉండి తలా ఒక గదిలో ఒక్కొక్కరం ప్రార్థన చేసుకుంటాం కాబోలు.

తర్వాత ఏడుపు వచ్చింది. దాస్తే ఏం లాభం, ఇది నేనే చదువుకునేది. నాయినకు ఈ ఏడు కద్దీషు లేకుండా పోతుంది. అది నా వల్ల.

20 ఆగస్టు, మంగళవారం

నెహెమ్యా చిన్నాయన పిలిపించాడు. ఎవరో ఆయనకు నా కాగితం చదివి వినిపించారు.

"మేము అని రాసినవంట. గా మేములో నేనున్ననా?"

"ఉన్నవు చిన్నాయనా."

"నన్నడిగినవా?"

"లేదు."

"ఎలీషా గాడు మైకుల చెప్పినప్పుడు వాడు గూడ అడగలే. నాకు ఎనభై ఏండ్లు, మోకాళ్ళు పోయినయి గని నోరు పోలేదు. ఇద్దరు కల్సి నా నోరు తీస్కపోయిండ్రు."

21 ఆగస్టు, బుధవారం

దివాకర్ సారు దగ్గరికి పోయి నా కాగితం బోర్డు మీదనుంచి తీసెయ్యమన్నాను. ఆయన కుర్చీ చూపించలేదు ఈసారి.

"మాట మార్చినవా? తమ్ముడి వైపా ఇప్పుడు?"

"కాదు సార్. వాటాలు అమ్మమనే దాంట్ల నాకు ఇప్పటికి గూడ నమ్మకం లేదు. గని పది మంది తరఫున సంతకం పెట్టిన. నేను ఒక్కణ్ణే."

"రెండు వైపులా ఉంటే రేపు ఎవ్వరూ మిమ్ముల్ని నమ్మరు, గుర్తుపెట్టుకో."

ఇప్పుడు మాత్రం ఎవరు నమ్ముతున్నారని! పిల్లల డిమాండు మీద కమిటీ వేశారట. కమిటీ వేశారంటే బీరువాలో పెట్టారని అర్థం, ఆ బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. బయటికొచ్చి కాగితం నేనే తీసేస్తూ మేకులు జేబులో వేసుకున్నాను. సమీరా వరండా చివర నుంచి చూసింది. దగ్గరికి రాలేదు. నేనూ పోలేదు.

22 ఆగస్టు, గురువారం

ప్రార్థన గది కూలర్ తీసేశాను. చప్పుడు ఎక్కువైంది. వానలు కూడా మొదలయ్యాయి కదా, ఇంక దాంతో ఏం పని.

శారా వచ్చి ఖాళీ కిటికీని చూసింది, నన్ను చూసింది. చీపురు తెచ్చి ఊచల మీద దుమ్ము దులిపింది.

ఆ కిటికీ హనీఫా ఆపా అరుగు వైపు తెరుచుకుంటుంది. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. ఆ రోజు లైటు గొడవ తర్వాత మళ్ళీ మాటల్లేవు. నేనే అన్నాను, ఊచల్లోంచి.

"కిటికీ తెరిచిన ఆపా. రేపు మా నాయిన ఏడాది."

"యాదికున్నది."

"ఎలీషా గిట్ల అటు దిక్కు వస్తే... కిటికీ తెరిచే ఉంటదని..."

ఆమె లేచి ఊచల దగ్గరికొచ్చింది.

"తమ్మీ, శనివారం నాడు నన్ను అడగొద్దని మీ దేవుడన్నడు, సరే. మీ తమ్మున్ని గూడ అడగొద్దని అన్నడా?"

కిటికీ మూద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

23 ఆగస్టు, శుక్రవారం

పొద్దున పోయాను. వాడి ఇల్లు డ్యామ్ క్వార్టర్ల దగ్గర. ఆరు వారాల తర్వాత. తలుపు వాడే తీశాడు. లోపలికి రమ్మన్నాడు, నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కూర్చుంటే మళ్ళీ వాదన మొదలవుతుందని భయం.

నాలుగు రకాలుగా తిప్పి చెప్పాలనుకున్నాను దారంతా. కూలర్ తీశానని, బెన్యామీను రావడం లేదని, చిన్నాయన తిట్టాడని. ఏదీ చెప్పలేదు.

"నాయిన కద్దీషుకు నువ్వు కావాలె. రారా."

వాడి కింది పెదవి వణికింది. చిన్నప్పటి నుంచీ అంతే, ఏడుపొస్తే ముందు అది వణుకుతుంది.

"గా ప్రార్థన సదువుతవా అన్నా?"

చదవను అనొచ్చు. ఒక్క రోజుకు అబద్ధం ఆడినా నాయిన ఏమీ అనడు. కానీ అవ్నెర్ ముఖం కళ్ళముందుకొచ్చింది, నోట్లో జొన్నరొట్టెతో.

"సదువుత. నేను ఇడిసిపెట్టలేను."

"నేను ఆ గదిల నిలబడలేను."

"గదిల వద్దు. కిటికీ ఉన్నది."

వాడికి వెంటనే అర్థమైంది. తట్టు పోసిన మనిషి కథ వాడూ నాయిన ఒళ్ళోనే విన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు. "చూస్త" అన్నాడు.

చూస్త అంటే ఏమిటి? వస్తాడా, రాడా? మధ్యాహ్నం మూడయింది. శారా దీపాలకు వత్తులు చేస్తోంది. వీధిలో ఏ చెప్పు చప్పుడైనా లేచి వెళ్ళి చూస్తున్నాను. మూడుసార్లూ వేరేవాళ్ళే.

25 ఆగస్టు, ఆదివారం

వచ్చాడు.

ముసురు పట్టి ఉంది. మేం తొమ్మిది మందిమి లోపల. శారా వెలిగించిన రెండు దీపాలు మూలన. పాట ఎత్తుకోబోతుంటే కిటికీలో గొడుగు కనిపించింది, దాని కింద వాడు. ఎవరూ తల తిప్పనట్టు నటించారు. తొమ్మిది మందీ చూశారు. నెహెమ్యా చిన్నాయన మాత్రం పైకే అన్నాడు, "పది" అని.

వాడి గొంతు ఊచల్లోంచి లోపలికొచ్చి మా గొంతుల్లో కలిసింది. నాయిన రాగమే. నేను ఎప్పుడూ ఆ రాగం సరిగ్గా పట్టలేకపోయాను, వాడికి వచ్చు. చిన్నప్పుడు దానికి వాడి మీద కుళ్ళుకునేవాణ్ణి.

సైనికుల ప్రార్థన దగ్గరికొచ్చాం. పుస్తకం తెరిచాను. చదివాను. పూర్తిగా చదివాను, ఒక్క పదం మింగకుండా. అందులో అవ్నెర్ పేరు కలిపాను, ఎప్పటిలాగే. చదువుతూ ఓరగా చూస్తే కిటికీలో వాడి వీపు. ముఖం వీధి వైపు తిప్పుకుని నిలబడ్డాడు. వెళ్ళలేదు. వీపు అచ్చం నాయిన వీపులా కొంచెం కుడి వైపుకు ఒరిగి ఉంది.

నాది అయిపోయింది. అప్పటికి వాడు ఇంకా ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడని తర్వాత చిన్నాయన చెప్పాడు. వాడు ఎవరి కోసం చెప్పుకున్నాడో నేను అడగలేదు. అడగక్కర్లేదు, వాడు గొడవపడ్డ రోజే చెప్పాడు.

ఇంక కద్దీషు. నేను లేచాను. వాడు ఇటు తిరిగాడు. కానీ ఈలోగా బయట పూర్తిగా చీకటి పడింది. ముసురు, మబ్బు. ఊచల వెనక నల్లగా ఒక ఆకారం, అంతే. దీపాల వెలుగు అక్కడిదాకా పోవడం లేదు.

నెహెమ్యా చిన్నాయన కళ్ళు చికిలించి చూశాడు.

"ముఖం కనబడ్తలేదురా. ముఖం కనబడకుంటే లెక్కకు రాడు."

లైటు ముట్టకూడదు. దీపం చోటు మార్చకూడదు. ఎవర్నీ అడగకూడదు. ఇంకొక మనిషైతే లోపలికి రా అనేవాణ్ణేమో. వాడు రాడు, నేను మాట ఇచ్చాను కూడా, గదిలోకి పిలవనని. వాడు ఊచలకు ముఖం ఆనించి నిలబడ్డాడు. అయినా కనిపించలేదు. ఊచల అవతల నుంచి వాడి గొంతు మాత్రం, చిన్నగా: "అన్నా."

నా జీవితంలో అంత చీకటి చూడలేదు.

అప్పుడు అటువైపు టప్‌మని చప్పుడైంది. హనీఫా ఆపా అరుగు మీద బల్బు వెలిగింది. పసుపు పచ్చగా పక్కనుంచి వచ్చి పడింది వాడి ముఖం మీద. తడిసిన జుట్టు, వణుకుతున్న కింది పెదవి, అంతా కనిపించింది.

చిన్నాయన మళ్ళీ అన్నాడు, "పది."

కద్దీషు చెప్పాను. నేను మొదలుపెట్టాను, వాడు అందుకున్నాడు. మధ్యలో నా గొంతు పోయింది. వాడు ఆగలేదు, నేను మళ్ళీ కలిసేదాకా మోశాడు. ఆమేన్ అందరం కలిసి అన్నాం. తర్వాత చూస్తే కిటికీలో గొడుగు లేదు.

ఇవాళ పొద్దున హనీఫా ఆపాను అరుగు మీద పట్టుకున్నాను. మొన్న లైటేసినందుకు ఏదో చెప్పబోయాను.

"నీ కోసం ఎవరేసిండ్రు? బియ్యం ఏరుకుందామని ఏసుకున్న" అంది.

"వానల, గంత చీకట్ల, బియ్యమా?"

"నా అరుగు, నా బియ్యం. నీకేంది?" అని లోపలికి పోయింది. అలా పోతూ తలుపు సందులోంచి, "సమీరా నీతోటి మాట్లాడాలంటున్నది. కొట్లాడేటట్టే ఉన్నది. వస్తవా?" అని అడిగింది.

వస్తానన్నాను. దానికి గాలిపటం సంగతి చెప్పాలి, అవ్నెర్ పేరు చెప్పాలి. అది చెప్పేది కూడా కూర్చుని వినాలి, బెల్లు కొట్టినా సరే.

కిటికీ నుంచి దోమలు వస్తున్నాయని, కూలర్ మళ్ళీ బిగించమని శారా అంటోంది. ఇప్పుడొద్దు అన్నాను. శుక్రవారం మళ్ళీ వస్తుంది.